రేపటి హొసూరు గురించి నిన్నటి లెక్కలు



పోయిన నెల మన సంఘం కూటం ముగిసి అందరూ కాఫీ తాగుతా ఉన్నప్పుడు ఒక పిల్లోడు మా పక్కన వచ్చి కూర్చున్నాడు. కంపెనీలో పని చేసే పిల్లోడు. "తాతా, ఇంకో ఇరవై ఏండ్లకు మన పక్క ఎంత జనం ఉంటారు? ఏర్‌పోర్టు వస్తే మన చేను అమ్మాలా, పెట్టుకోవాలా?" అని అడిగినాడు. మాకు జవాబు తెలీలేదు. రైల్వేలో గుమాస్తాగా బతుకు వెళ్ళదీసినవాళ్ళం, జోస్యం చెప్పేవాళ్ళం కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న వాడొక్కడిది కాదు, బాగలూరు, బేరిగె, సూలగిరి, కెలమంగలం, తళి పక్క చేను ఉండే ప్రతి తెలుగు ఇంటిదీ అదే ప్రశ్న.

రేపటిని గురించి చెప్పలేకపోయినా, నిన్న ఏం జరిగిందో చెప్పగలం. మన నేలలో జనం ఎప్పుడు పెరిగినారు, ఎప్పుడు తగ్గినారు, ఎందుకు అనేది తెలిస్తే ఆ పిల్లోడు తన లెక్క తానే వేసుకుంటాడని ఇది రాస్తా ఉండాము. కొంచెం పొడుగు. తమిళంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక నేర్చుకున్నాము. తప్పులుంటే దిద్దండి, నవ్వకండి.

ముందు ఊరి పేరు. హొసూరు అంటే కన్నడంలో కొత్త ఊరు. ఉండేది తమిళనాడులో, కన్నడ పేరు, చుట్టూ పల్లెల్లో తెలుగు మాట. ఈ మూడూ ఒకే చోట కలిసినాయంటే ఇది ఎప్పుడూ హద్దు నేలే. చోళులు వచ్చినారు, హొయ్సళులు వచ్చినారు, విజయనగరం వచ్చింది. పెనుకొండ కోటను కాపాడిన జగదేవరాయలకు విజయనగర రాజు బారామహల్‌ను ఇచ్చినాడని చరిత్ర. ఆ కాలంలోనూ ఆ తరవాతా బాగలూరు, బేరిగె, సూలగిరి, అంకుశగిరి అనే పాళెంపట్టులు ఉండినాయి. ఆ పాళెగాళ్ళలో చాలామంది ఇంటి మాట తెలుగే. మన పెద్దలు మడక పట్టుకుని వచ్చినారా, కత్తి పట్టుకుని వచ్చినారా అని సంఘంలో అప్పుడప్పుడూ వాదన జరుగుతుంది. రెండూ జరిగి ఉంటాయి. ఆ వాదన ఇక్కడ వద్దు.

తరవాత మైసూరు చేతిలోకి పోయింది. 1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో కనుమల కింద ఉండే బారామహల్ కుంపిణీ వాళ్ళకు పోయింది. అలెగ్జాండర్ రీడ్ దొర అక్కడ కలెక్టరు, ఆయన కింద థామస్ మన్రో పని నేర్చుకున్నాడు. కడప జిల్లావాళ్ళు మండ్రోలయ్య అని పేరు పెట్టి పిలుచుకునే మన్రో ఆయనే. కనుమల పైన ఉండే బాలాఘాట్, అంటే మన హొసూరు నేల, 1799లో టిప్పు చనిపోయినాక గాని కుంపిణీకి చేరలేదు. సేలం జిల్లాలో ఉన్నా మనం ఎప్పుడూ పైన ఉండేవాళ్ళమే. చల్లగా ఉంటుందని దొరలు ఇక్కడికి వచ్చి మకాం పెట్టేవాళ్ళు. 1824లో మత్తిగిరిలో పటాలం గుర్రాల కోసం ఒక ఫారం పెట్టినారు. ఈ రోజు మనం పశువుల ఫారం అని చెప్పేది అదే. రెండు నూర్ల ఏండ్లయింది. మన నేలకు బయటినుంచి వచ్చిన మొదటి "కంపెనీ" అదేనని మేము తమాషాకు చెప్తాము.

ఇప్పుడు జనం లెక్కకు వస్తాము. ఊరు ఎప్పుడూ పెరుగుతుందనే నమ్మకం ఈ కాలం వాళ్ళది. మన ముత్తాతల కాలంలో అట్ల లేదు. 1871లో సేలం జిల్లా జనం 19 లక్షలు దాటి, 20 లక్షలకు దగ్గరగా ఉండినారు. పదేండ్ల తరవాత 1881లో లెక్క తీస్తే 16 లక్షలకు లోపే. పెరగాల్సిన జనం మూడున్నర లక్షలకు పైగా తగ్గినారు. మధ్యలో జరిగింది 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువు. ధాత కరువు అని మన అవ్వలు చెప్పేది దాన్నే. 1876 ధాత నామ సంవత్సరం, అందుకే ఆ పేరు.

1876లో వానలు తప్పినాయి. మదరాసు రాజధానిలో తిండిగింజలు లేవు, ఉన్న గింజలు కొనే శక్తి లేదు. కరువు పనులు పెట్టినారు. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే దొరను వైస్రాయి పంపించినాడు. మగవాడికి రోజుకు ఒక రాత్తలు గింజలు, పైన ఒక అణా, అంతే కూలి అని ఆయన తీర్మానం. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి అర్ధ కిలో కూడా రాని గింజలు. మదరాసులో డాక్టర్లే అది చాలదని చెప్పినారు, కొన్నాళ్ళకు కూలిని పెంచాల్సి వచ్చింది. ఈలోగా పోయినవాళ్ళు పోయినారు. మా అవ్వ వాళ్ళ అవ్వ చెప్పిందని మా ఇంట్లో ఒక మాట నడిచేది: "ధాతలో పుట్టినోళ్ళు లేరు." మేము చిన్నప్పుడు దాన్ని సామెత అనుకున్నాము. 1881 లెక్క చూసినాక గాని అది సామెత కాదని తెలీలేదు. 1883లో లెఫాను దొర రాసిన సేలం జిల్లా మాన్యువల్ ఉంది. ఓపిక ఉండేవాళ్ళు చూడండి.

కరువు తరవాత కొన్నాళ్ళకు కోలారు బంగారు గనులు తెరుచుకున్నాయి. మన చుట్టుపట్ల నుంచి, చిత్తూరు పక్కనుంచి, ఆర్కాడు పక్కనుంచి జనం అక్కడికి పోయినారు. పని కోసం ఊరు విడిచిపోవడం బీహారువాళ్ళతోనో ఒడిశావాళ్ళతోనో మొదలయిందని ఎవరూ అనుకోవద్దు. నూటముప్పై ఏండ్ల కింద మనమూ గన్ని గుడ్డలో సంగటి ముద్ద కట్టుకుని పోయినవాళ్ళమే.

ఇక మా ఇష్టమైన సంగతి, రైలు. మీకు విసుగైతే ఈ రెండు పేరాలు దాటుకోండి, మాకు మాత్రం వదలబుద్ధి కాదు.

కరువు వచ్చినప్పుడు గింజలు చేర్చడానికి రైలు కావాలని సర్కారుకు బుద్ధి వచ్చింది. మదరాసు నుంచి సేలం పోయే పెద్ద లైనులో మొరప్పూరు అని ఒక స్టేషన్. అక్కడినుంచి ధర్మపురికి 1906లో చిన్న రైలు వేసినారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టా. మీటరు కూడా లేదు. అదే లైను 1913కు హొసూరు దాకా వచ్చింది. అంటే మన ఊరికి నూటపది ఏండ్ల కిందటే రైలు ఉండింది. ఈ మాట చెప్తే సంఘంలో సగం మంది నమ్మరు. ఆ రైలు హొసూరులోనే ఆగిపోయింది, బెంగళూరుకు పోలేదు. నలభై కిలోమీటర్లు! గింజ అయినా, పశువు అయినా, మనిషి అయినా మన ఊరి నుంచి పోవాల్సింది బెంగళూరు సంతకే గాని మొరప్పూరుకు కాదు. బెంగళూరు మైసూరు రాజుది, హొసూరు మదరాసు గవర్నరుది. రైలు సర్కారు హద్దును చూసింది, జనం పోయే దారిని చూడలేదు. దాంతో రైలుకు జనం చాల్లేదు. 1941లో, యుద్ధం రోజుల్లో, లైను మూసి పట్టాలు పీకేసినారు. కరువు మనుషుల కోసం వేసిన పట్టాలు పోయినాయి, బెంగళూరు రోడ్డు మాత్రం నిలిచింది.

మళ్ళా రైలు రావడానికి పాతికేండ్లు దాటింది. 1960ల చివరలో సేలం నుంచి ధర్మపురి, హొసూరు మీద బెంగళూరుకు మీటర్ గేజి వచ్చింది. మేము ఉద్యోగంలో చేరినప్పుడు ఆ మీటర్ గేజినే, అట్ట టికెట్టు కొట్టి ఇచ్చేవాళ్ళం. 1990ల్లో బ్రాడ్ గేజి అయింది, తరవాత కరెంటు తీగలు వచ్చినాయి. ఇప్పటికీ ఒక వింత ఉంది. హొసూరు ఉండేది తమిళనాడులో, స్టేషన్ మాత్రం బెంగళూరు డివిజన్ కింద. రైల్వే వాళ్ళకు 1913లో తెలీనిది తరవాత తెలిసిందన్న మాట. ఊరు ఎంత పెరుగుతా ఉందో కలెక్టరాఫీసు కంటే ముందు టికెట్టు కిటికీకి తెలుస్తుంది. మొదట్లో తెల్లవారు బండికి పాల క్యాన్లు, ఆకుకూర మూటలు, పూల గంపలు, అనపకాయల కాలమైతే అనపకాయల గోనెలు. పుష్య మాసంలో ఆ బండి లోపలంతా అనపకాయల వాసనే. రానురాను మెడలో కార్డు వేసుకున్న పిల్లోళ్ళు వచ్చినారు, నెల సీజన్ టికెట్టు అడిగేవాళ్ళు. మేము రిటైరయ్యేనాటికి ఉత్తరాది మాట మాట్లాడే కూలీలు, కుటుంబంతో, బకెట్లతో, దిగేవాళ్ళు. మూడు తరాల జనాభా లెక్క ఆ కిటికీలోనుంచే చూసినాము.

1956లో రాష్ట్రాలు భాషను బట్టి విడదీసినప్పుడు హొసూరు ఎవరిది అని కొట్లాట జరిగింది. తెలుగు, కన్నడ, తమిళం మూడూ ఇంటి మాటలుగా ఉండే తాలూకా ఇది. చివరకు మదరాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. బెంగళూరుకు ఇంత దగ్గర ఉండి కూడా బెంగళూరు రాష్ట్రంలో లేకపోవడమే తరవాత మన ఊరి రాతను మార్చింది. ఎట్లంటారా?

1971లో మదరాసులో సిప్కాట్ అనే సంస్థ పుట్టింది. వెనకబడిన తాలూకాల్లో పరిశ్రమలు పెట్టించడం దాని పని. ఆ దశకంలోనే హొసూరులో పేట కట్టినారు. వ్యాపారి పక్కనుంచి చూడండి: బెంగళూరు నలభై కిలోమీటర్లలో ఉంది, అక్కడ హెచ్.ఎ.ఎల్., హెచ్.ఎం.టి. లాంటి ఫ్యాక్టరీల పుణ్యమా అని పని తెలిసిన చేతులు ఉన్నాయి, వాతావరణం చల్లన, భూమి మాత్రం తమిళనాడు ధరకు, తమిళనాడు రాయితీలతో. బెంగళూరు లాభం, మదరాసు సబ్సిడీ. ఇంతకంటే ఏం కావాలి? 1980లో అశోక్ లేలాండ్ వచ్చింది. అదే ఏడాది టి.వి.ఎస్. 50 మోపెడ్ ఇక్కడినుంచే రోడ్డెక్కింది. 1984లో టాటా వాళ్ళూ తమిళనాడు సర్కారు టిడ్కో సంస్థా కలిసి టైటాన్ పెట్టినారు, రెండు మూడేండ్లలో గడియారాలు బయటికి వచ్చినాయి. టైటాన్ వాళ్ళు స్కూలు ముగిసిన పిల్లలను తీసుకుని పని నేర్పించినారు.

ఆ ఏండ్లలోనే మన ఇండ్లలో ఒక తీర్మానం జరిగింది. ఎవరూ కూటం పెట్టలేదు, కాగితం రాయలేదు, అయినా ప్రతి ఇంట్లోనూ జరిగింది. పిల్లోణ్ణి తెలుగు బడికి పంపాలా, తమిళ బడికా? ఫ్యాక్టరీ గేటు దగ్గర అప్లికేషన్ తమిళంలో, సర్కారు ఉద్యోగం పరీక్ష తమిళంలో. మాకంటే ముందు మా నాయనకే ఈ ఆలోచన వచ్చి మమ్మల్ని తమిళ బడిలో వేసినాడు. తప్పు చేసినాడని మేము అనము. ఆ తమిళమే మాకు అన్నం పెట్టింది. మా నాయన దగ్గర ఉత్తరం వస్తే తెలుగులో ఆయనే చదివేవాడు, మేము చూస్తా ఉండేవాళ్ళం. ఆయన పోయినాక పెట్టెలో మిగిలిన కాగితాలు మేము చదవలేకపోయినాము. అందుకే ముప్పై దాటినాక అ ఆ ఇ ఈ పట్టుకున్నాము.

ఇంక ఇప్పటి అంకెలు. 2001లో హొసూరు పట్నం జనం 84,394. 2011లో 1,16,821. పదేండ్లలో నూటికి 38 మంది పెరిగినారు. 2019లో చుట్టుపక్కల ఊళ్ళు కలిపి కార్పొరేషన్ చేసినారు. ఆ కొత్త హద్దులకు 2011 లెక్కే తీసుకున్నా 2 లక్షల 45 వేలు. 2004లో ధర్మపురి నుంచి విడిపోయిన మన కృష్ణగిరి జిల్లా 2001లో 15 లక్షల 61 వేలు, 2011లో 18 లక్షల 80 వేలు. నూటికి ఇరవై పెరుగుదల. అదే పదేండ్లలో తమిళనాడు మొత్తం నూటికి పదిహేనున్నర, బెంగళూరు నగర జిల్లా నూటికి నలభైయేడు. మనం ఆ రెండిటికీ మధ్యలో ఉన్నాము, భూమి మీద ఉన్నట్లే.

గుమాస్తా బుద్ధి పోదు కదా, కాగితం పెన్సిలు తీసుకుని ఆ పిల్లోడి ప్రశ్నకు లెక్క వేసి చూసినాము. 2011 నుంచి ముప్పై ఏండ్లు, అంటే 2041కి. తమిళనాడు నడకతో నడిస్తే జిల్లా జనం 29 లక్షలు అవుతుంది. మన పాత నడకతోనే నడిస్తే 33 లక్షలు. బెంగళూరు నడక మనకు అంటుకుంటే 60 లక్షలు. 29కీ 60కీ మధ్య ఏదైనా కావచ్చు అనేది జవాబే కాదని మీరు అంటారు. నిజమే. అయితే ఎవరైనా మీ దగ్గరికి వచ్చి ఒకే అంకె చెప్పి, దాన్ని చూపించి ప్లాటు కొనమంటే, ఆ అంకె ఏ నడకతో వేసిందో అడగండి.

ఇందులో ఒక మెలిక ఉంది. మన ఇండ్లలో పిల్లలు తగ్గిపోయినారు. తమిళనాడులో ఒక ఆడమనిషికి సగటున 1.8 మంది పిల్లలని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనం ఉన్నంతే నిలబడాలంటే 2.1 కావాలి. కాబట్టి ఇంక మన జిల్లా జనం పెరిగేది ఉయ్యాలలోనుంచి కాదు, బస్సులోనుంచి, రైలులోనుంచి. పని కోసం వచ్చేవాళ్ళతోనే పెరుగుతుంది. కెలమంగలం పక్క టాటా ఎలక్ట్రానిక్స్‌లో వేలమంది ఆడపిల్లలు పని చేస్తా ఉండారు, వేరే జిల్లాలనుంచీ వేరే రాష్ట్రాలనుంచీ వచ్చినవాళ్ళు ఎందరో. పోచంపల్లి పక్క ఓలా బండ్ల ఫ్యాక్టరీ కూడా మన జిల్లానే.

ఒక మాదిరి లెక్క చెప్తాము. వెయ్యి మంది ఉండే పల్లెలో మనవాళ్ళు 600 అనుకోండి. ఇరవై ఏండ్లకు మనవాళ్ళు 660 అయినారు, ఊరు 5,000 అయింది. మనం తగ్గలేదు, పెరిగినాము. అయినా నూటికి అరవై ఉండినవాళ్ళం నూటికి పదమూడు అయినాము. పంచాయతీ ఓటులో, బడి లెక్కలో, అంగడి బోర్డులో చూసేది ఈ రెండో అంకెనే. రాకండి అని ఎవర్నీ అనలేము, అనకూడదు. కోలారుకు పోయినవాళ్ళ మనుమలం మనం.

ఏర్‌పోర్టు సంగతి. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించినారు: హొసూరులో 2,000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపోయే విమానాశ్రయం. బాగలూరు, బేరిగె మధ్య చోటు అని తరవాత చెప్పినారు. అయితే 2008లో తెరిచిన బెంగళూరు విమానాశ్రయానికి ఒక ఒప్పందం ఉంది, 150 కిలోమీటర్ల లోపల ఇంకొకటి 2033 దాకా పెట్టకూడదని. హొసూరు ఆ వంద్యాభై లోపలే. కాబట్టి దారి లేదని కాదు గాని, దారిలో ఒక గేటు ఉంది. మెట్రో కూడా అట్లే. బెంగళూరు పసుపు లైను 2025 ఆగస్టులో బొమ్మసంద్ర దాకా వచ్చేసింది. అక్కడినుంచి హొసూరుకు ఇరవై చిల్లర కిలోమీటర్లు. బెంగళూరు మెట్రో పక్కన ఉండే మూడో పట్టా నుంచి 750 వోల్టుల కరెంటు తీసుకుంటుంది, చెన్నై మెట్రో పైన తీగ నుంచి 25 వేల వోల్టులు. రెండు రాష్ట్రాలూ రెండు రకాలు. 1913లో రెండున్నర అడుగుల పట్టా హొసూరులో నిలిచిపోయిన కథ చెప్పినాము కదా. వయసైనవాళ్ళం, పోలిక తడుతుంది.

నీళ్ళ సంగతి ఎవరూ అడగరు, మేమే చెప్పాలి. తెన్పెన్న ఏరు నంది కొండల పక్కనుంచి పుట్టి బెంగళూరు మురికిని కూడా మోసుకుని కెలవరపల్లి డ్యాముకు వస్తుంది. డ్యాము తెరిచినప్పుడు తెల్లగా నురుగు కొండల్లా లేచేది టీవీల్లో మీరే చూసినారు. ఆ నీళ్ళతోనే కింద చేలు పారేది. తాగడానికి 2013 నుంచి హొగెనకల్ నీళ్ళు వస్తా ఉండాయి. బెంగళూరు పెరిగితే మన భూమి ధర పెరుగుతుంది, మన ఏట్లో నురుగూ పెరుగుతుంది. రెండూ ఒకే చోటునుంచి వచ్చేవే. ధర గురించి మాట్లాడేవాళ్ళు వందమంది, నురుగు గురించి ఒక్కరు.

ఇప్పుడు చేను. మా పెద్దనాయన కథ చెప్తాము, పేర్లు వద్దు. ఎనభైల్లో ఒక ఫ్యాక్టరీ కోసం ఆయన భూమి మూడెకరాలు పోయింది. డబ్బు ఒకేసారి చేతికి వచ్చింది. అంత డబ్బు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రెండు పెండ్లిండ్లు జరిగినాయి, మిద్దె కట్టినారు, ఒక బుల్లెట్ బండి వచ్చింది. నాలుగేండ్లకు డబ్బు లేదు. పెద్దనాయన ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరినాడు. తన రాగి చేను ఉండిన చోట కుర్చీ వేసుకుని రాత్రంతా కూర్చునేవాడు. ఎవరినీ తిట్టలేదు. ఒకసారి మాత్రం మాతో అన్నాడు, "ఈడ బావి ఉండె రా, ఈ కుర్చీ కిందనే." పక్కింటివాళ్ళు అదే ఏడాది అదే ధరకు భూమి ఇచ్చి, ఆ డబ్బుతో డెంకణికోట పక్క ఆరెకరాలు కొన్నారు. వాళ్ళ మనుమడు ఇప్పుడు పాలిహౌస్‌లో రోజాలు పెంచి ప్రేమికుల రోజుకు బెంగళూరు ఏర్‌పోర్టు మీద పంపిస్తా ఉండాడు. ఒకే కంపెనీ, ఒకే ధర, రెండు ఇండ్లు.

అందుకని ఆ పిల్లోడికి మేము చెప్పేది: అమ్మాలా వద్దా అని తరవాత చూద్దువు, ముందు పట్టా ఎవరి పేరున ఉందో చూడు. మన ఇండ్లలో సగం చేలు ఇంకా చనిపోయిన తాత పేరున్నే ఉండాయి. అన్నదమ్ములు నోటి మాటతో పంచుకున్నవి, ఆడపిల్లలకు చెప్పకుండా పంచుకున్నవి. సర్కారు తీసుకున్నా, కంపెనీ కొన్నా, డబ్బు ఇచ్చేది కాగితం చూసి. కాగితం సరిలేని చోటికే దళారీ ముందు వస్తాడు. మా చుట్టాల్లోనే ఒకరు అడ్వాన్సు తీసుకుని తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఆరేండ్లుగా కోర్టు చుట్టూ తిరగతా ఉండారు. పాత క్రయచీట్లు తెలుగులో ఉండేవి చాలా ఇండ్లలో ఉంటాయి. మీకు చదవడం రాకపోతే పారేయకండి, గుమాస్తా దగ్గర ఇచ్చి రాకండి. ఫోనులో ఫోటో తీసి మాకు పంపండి. మా నాయన పెట్టెలో కాగితాలు మేము పదేండ్లు చదవలేక పెట్టుకున్నాము. చదవడం వచ్చినాక చూస్తే అందులో ఒకటి మా మేనత్తకు రాసిచ్చిన అర్ధ ఎకరం. ఆమె అప్పటికే చనిపోయింది. భూమిని ఆమె బిడ్డలకు రాసిచ్చినాము. ఇది గొప్పకు చెప్పలేదు, అక్షరం రాకపోతే ఏం జరిగేదో చెప్పినాము.

బడి సంగతి పోయినసారి రాసినాము, ఇక్కడ రెండు మాటలే. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికి ఒక తరగతి చొప్పున 2016 పదో తరగతి పరీక్షకు వచ్చి చేరింది. తమిళం నేర్చుకోవద్దని మనలో ఎవరూ అనలేదు. తెలుగును కూడా ఉండనీయండి అనే మన మాట. 2024లో మన కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు దేశమంతా ఆశ్చర్యపడింది. తమిళనాడు ఎంపీ తెలుగులోనా అని. మన ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపడలేదు.

చివరకు జనాభా లెక్క. 2021లో జరగాల్సింది జరగలేదు, 2027 మార్చి 1ని లెక్క రోజుగా కేంద్రం ప్రకటించింది. 2011 లెక్కలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షల 34 వేలు, నూటికి 5.87. బడికి తెలుగు టీచరు అడిగినా, పుస్తకాలు అడిగినా ఆఫీసులో ముందు చూసేది ఈ అంకెనే. మాతృభాష అంటే మీరు చదివిన భాష కాదు, మీరు ఆఫీసులో మాట్లాడే భాష కాదు. చిన్నప్పుడు మీ అమ్మ మీతో మాట్లాడిన భాష. తెలిసిన వేరే భాషలు ఇంకో రెండు రాయించుకోవడానికి పోయిన లెక్కలో వేరే గళ్ళు ఉండినాయి, తమిళం అక్కడ గర్వంగా రాయించుకోవచ్చు.

2011లో మా ఇంటికి లెక్క రాసుకోవడానికి ఒక టీచరమ్మ వచ్చింది. తమిళంలో అడిగింది, మేమూ అలవాటుకొద్దీ తమిళంలో చెప్తా ఉండాము. పేరు, వయసు, చదువు. మాతృభాష గడి దగ్గర ఆమె అడగనే లేదు, మా తమిళం విని తమిళం అని రాసేసింది. మేము కూడా చూడలేదు. అంతలో వంటింట్లోనుంచి మా ఇంటావిడ, "ఎవురొచ్చిండేది? కాపీ పెట్టేదా?" అని కేకేసింది. టీచరమ్మ మా మొగం చూసి నవ్వి, రాసింది కొట్టేసి, మళ్ళా రాసింది. కాఫీ తాగే పోయింది.